నలభై ఎనిమిది గోచిగుడ్డలు

పాలకొల్లులో స్యాం పన్నెండేళ్ళు ఆఫ్‌సెట్ మిషను నడిపాడు. పెళ్ళి శుభలేఖలు, బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులు, సువార్త సభల వాల్‌పోస్టర్లు, ఎలక్షన్లొస్తే కట్టలకొద్దీ కరపత్రాలు. కాగితాన్ని చెవి దగ్గర ఒకసారి ఆడించి అది ఎంత మందమో చెప్పేసేవాడు. ప్లేటు మీద నీళ్ళు ఎక్కువైతే అక్షరం ఎలా పాలిపోతుందో, తక్కువైతే ఎలా అలుక్కుపోతుందో చూపుతోనే తెలిసేది. ఓనరు ఫ్లెక్సీల వ్యాపారంలోకి మళ్ళి, పాత మిషన్ని పాత ఇనుము కింద అమ్మేశాక, ఆ ఊళ్ళో స్యాంకి చేయడానికి పని లేకుండా పోయింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే అతని భార్య సెలీనాకి ఒమాన్‌లో కవలలు పుట్టారు. సూర్ పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమె నర్సు. పెళ్ళికి ముందే వెళ్ళిన మనిషి, పెళ్ళయ్యాక కూడా ఏడాదికి నెల్లాళ్ళు సెలవు మీద వచ్చి వెళ్ళేది. పురిటికి ఆమె తల్లి విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు చేసి వెళ్ళిపోయింది. పురిటి సెలవు అయిపోవస్తుంటే సెలీనా ఫోన్ చేసి, "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలండి. మీరొచ్చెయ్యండి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంది.

స్యాం వెళ్ళాడు. భార్య స్పాన్సర్ చేసిన వీసా. బతాకా అనే గుర్తింపు కార్డు చేతికొచ్చింది గానీ దానిమీద ఉద్యోగం చేయడానికి లేదు, ఏదైనా కంపెనీ తీసుకుని వీసా మార్పిస్తేనే. నాలుగు నెలల్లో ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకున్నాడు. నాలుగు నెలలు గడిచేసరికి అలా అనుకునే తీరిక కూడా లేకపోయింది. పాప కెజియాకి పాలు పట్టడం అయ్యేసరికి బాబు ఎజ్రా లేచేవాడు. ఎజ్రాని పడుకోబెట్టేసరికి కెజియా లేచేది. మధ్యలో అన్నం వండితే వండినట్టు, లేకపోతే పొద్దుటి రొట్టే మధ్యాహ్నానికీను.

పిల్లలకి ఏడో నెల నడుస్తుండగా, ఏప్రిల్లో, ఎజ్రాకి తొడల మధ్య ఎర్రగా లేచింది. మొదట చెమటకి పేలిందనుకున్నారు. వారం తిరిగేసరికి తోలు ఊడి పచ్చిపుండయింది. డైపర్ విప్పితే ఏడుపు, తుడిస్తే ఏడుపు, కొత్తది తొడిగితే ఏడుపు. మూడు రకాల డైపర్లు మార్చి చూశారు. నర్సు ఇల్లు కాబట్టి ఆయింట్‌మెంట్లకి లోటు లేదు. రెండు రోజులు తగ్గినట్టే ఉండేది, మూడోరోజుకి మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి పిల్లాడికి జ్వరం కూడా తగిలింది.

సెలీనా పనిచేసే ఆస్పత్రిలో పిల్లల డాక్టరు సూడాన్ దేశపు ఆవిడ. ఎజ్రాని బల్లమీద బోర్లా పడుకోబెట్టి చాలాసేపు చూసింది. ఆ డైపర్లో ఉన్నదేదో వీడికి పడటం లేదని, పూర్తిగా మానేసి నూలు గుడ్డ కట్టమని, తడిసిన వెంటనే మార్చమని చెప్పింది. తన తల్లి తొమ్మిదిమందినీ గుడ్డలతోనే పెంచిందని కూడా చెప్పి, సెలీనా ముఖం చూసి, అక్కడితో ఆపి మందు చీటీ రాసింది.

టాక్సీలో ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ సెలీనా అడిగింది.

"ఎవరుతుకుతారండీ?"

స్యాం పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టాడు. "ఎవరున్నారు మరి, నేనే."

"ఒకడికి కట్టి ఒకదానికి మానేస్తే కుదరదు. పాపకీ ఎర్రబడుతోంది."

"ఇద్దరికీ కడదాంలే."

అందులో త్యాగమంటూ ఏమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరు, అందులో ఒకరికి పన్నెండు గంటల డ్యూటీ. మిగిలింది అతనే.

వాళ్ళ కింది అంతస్తులో కుల్సుమ్ అనే ఆవిడ ఉంటుంది. రాయచోటి మనిషి. భర్త ఇర్షాద్‌కి బజారులో టైలరింగ్ షాపు. సూర్ వచ్చి ఇరవై రెండేళ్ళయింది, నలుగురు పిల్లల్ని ఇక్కడే పెంచింది. స్యాం ఆవిణ్ణి ఆపా అంటాడు, అక్కా అన్నట్టు. ఇంట్లో వాళ్ళు దక్కనీ మాట్లాడుకున్నా, స్యాంతో ఆవిడ తెలుగే మాట్లాడుతుంది. ఈ భవనంలో తెలుగు వినపడే ఇళ్ళు ఆ రెండే.

గోచిగుడ్డల సంగతి చెబితే ఇర్షాద్ టేపు మెడలో వేసుకుని నవ్వాడు. "మగోనివి, నీకెందుకు భాయ్ ఈ పని. ఎవుర్నైనా ఆడమనిషిని పెట్టుకోరాదా."

"నువ్వు మూసుకోని కుట్టు," అంది కుల్సుమ్. "నీ బిడ్డల గుడ్డలు ఒకనాడన్నా పిండినావా నువ్వు?"

ఇర్షాద్ మెత్తటి మల్లు గుడ్డ తెచ్చి, చదరాలుగా కోసి, అంచులు మడిచి కుట్టాడు. మొత్తం నలభై ఎనిమిది. చేతికిస్తూ, "కొత్తగుడ్డ నీళ్ళు పీల్చదు. ఐదారు తూర్లు ఉతికినాక కట్టు" అని చెప్పాడు. నవ్విన మనిషే ఆ మాట చెప్పినందుకు స్యాంకి కొంచెం స్థిమితంగా అనిపించింది.

కట్టడం కుల్సుమ్ నేర్పింది. ఎజ్రాని చాప మీద పడుకోబెట్టుకుని, చదరాన్ని మూలకి మూల కలిపి ముక్కోణం చేసి, "బిడ్డ నడుము కిందికి ఇట్లా పోనీ. ఈ కొస కాళ్ళ నడుమ నుంచి పైకి తీస్కో. బిగించొద్దు నాయనా, నీ వేలు పట్టేంత సందుండాల" అంటూ మూడుసార్లు చూపించింది. మూడోసారికి స్యాం చేతులకి ఆ పని పట్టుబడింది. చేతిపని ఏదైనా అతనికి తొందరగానే వచ్చేస్తుంది.

మరునాటి నుంచి అతని రోజు మారిపోయింది. తడిసినవి ఒక బకెట్లో, దొడ్డికి వెళ్ళినవి ఒక బకెట్లో. రెండో రకాన్ని ముందు టాయిలెట్లో జాడించి, పీచుతో రుద్ది, ఆపైన నానబెట్టాలి. వాషింగ్ మిషనుంది గానీ అది ఉన్నచోటే గడగడలాడుతూ నీళ్ళు కారుస్తుంది. ఉతకడం, ఆరేయడం, కట్టడం, నలభై ఎనిమిదీ ఇలా తిరుగుతూ ఉండాలి. ఒకపూట ఆగితే సాయంత్రానికి కట్టడానికి గుడ్డ ఉండదు. మేడమీద తీగలకి ఆరేసి కిందికి వచ్చేసరికి ఇద్దరిలో ఒకరు తడిపి ఉండేవారు. మెట్లు ఎక్కడం, దిగడం. చంకలో ఒక బిడ్డ, చేతిలో బకెట్. రెండో బిడ్డ కుల్సుమ్ గుమ్మంలో.

మే నెల రాగానే నీళ్ళతో ఇంకో తంటా. మేడమీది ట్యాంకులు ఎండకి కాగిపోయి, కుళాయి తిప్పితే చేయి పెట్టలేనంత వేడినీళ్ళు వచ్చేవి. అక్కడ అందరూ చేసేదే అతనూ చేశాడు. గీజరు స్విచ్చి తీసేసి, దాంట్లో నీళ్ళు ఇంట్లోని ఏసీ చలవకి చల్లబడేదాకా ఆగి, వేడినీళ్ళ కుళాయి నుంచే చల్లనీళ్ళు పట్టుకునేవాడు. గీజరు చిన్నది. ఒక బకెట్ నిండేసరికి అయిపోయేది.

ఇంత చేస్తే పదోరోజుకి ఎజ్రా పుండు మరీ ముదిరింది.

ఆ సాయంత్రం సెలీనా డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, పిల్లాడి గుడ్డ విప్పి చూసింది. ఆస్పత్రిలో ఆ రోజు ఎవరో పసిబిడ్డ పోయిందట. ఆ సంగతి ఆమె తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం, "ఒక్క పని అప్పజెప్పానండి మీకు. ఒక్కటంటే ఒక్కటి" అంది.

స్యాం బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. వస్తే కాస్త తేలికపడేవాణ్ణేమో అనుకున్నాడు. కాసేపటికి బయట సెలీనా గొంతు వినపడింది, పిల్లాడికి ఏదో పాడుతోంది. ఆ గొంతు కూడా అరిగిపోయి ఉంది. బయటికొచ్చి ఆమె ముందు అన్నం పళ్ళెం పెట్టాడు. ఇద్దరూ తిన్నారు.

మర్నాడు పొద్దున్నే పిల్లాణ్ణీ, ఆరిన గుడ్డ ఒకదాన్నీ తీసుకుని కుల్సుమ్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పుండు చూసి, గుడ్డని చెంపకి ఆనించి చూసుకుంది.

"అప్పడం మాదిరుందే ఇది. ఎన్ని తూర్లు జాడిచ్చినావు?"

"రెండుసార్లు ఆపా. మిషన్లో ఒకసారి, మళ్ళీ బకెట్లో."

ఆవిడ స్టీలు గిన్నెలో మంచినీళ్ళు పోసి, ఆరిన గుడ్డని అందులో ముంచి పిండింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పైన నురగ తేలింది.

"చూస్తివా. సబ్బు పోలా. ఉచ్చ తగిలిందంటే ఆ సబ్బంతా మళ్ళా కరిగి పుండు మీదికే పోతాది. బిడ్డకు నువ్వు గుడ్డ కట్టలా నాయనా, సబ్బు కడతాండావు."

స్యాం చాప అంచు చూస్తూ కూచున్నాడు. పదిరోజులు ఒళ్ళు వంచి చేసిన పనంతా తన బిడ్డనే కాల్చిందని తెలియడం, అసలేమీ చేయలేదని తెలియడం కన్నా కష్టంగా ఉంది.

"నాకు గూడా మొదటిబిడ్డకు ఇట్లనే అయింది," అంది కుల్సుమ్. "సబ్బుపొడి సగానికి సగం తగ్గిచ్చు. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడిచ్చు. ఎండలో గంట చాలు, మిగతాది నీడలో ఆరనీ. కట్టేముందర చేతుల్లో వేసి బాగా నలుపు, మెత్తబడతాది."

అప్పటినుంచి ఒక్కో గుడ్డనీ నాలుగు నీళ్ళు జాడించాడు. చివరి బకెట్లో నీళ్ళు అడుగు కనపడేంత తేటగా ఉంటేనే పిండేవాడు. పిల్లలు పాకే చోట గోడకి జేరబడి కూచుని, ఒక్కో గుడ్డనీ రెండు చేతుల మధ్య నలిపేవాడు. కెజియాకి అదొక ఆటయింది, తనూ ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుని నలిపేది. తొమ్మిదోరోజుకి పుండు మీద కొత్త తోలు వేసింది. మూడు వారాలకి మచ్చ మాత్రమే మిగిలింది. సెలీనా ఆ మచ్చని వేలితో తడిమి, స్యాం వైపు చూసి, "ఆవేళ అలా అనకుండా ఉండాల్సింది" అంది. స్యాం, "ఏదో అలసటలో అన్నావులే" అన్నాడు. ఆ మాట అక్కడితో ముగిసింది. దాన్ని పొడిగించే ఓపిక ఇద్దరికీ లేదు.

జూలైలో ఆ వీధికి వచ్చే పెద్ద పైపు పగిలి మూడురోజులు నీళ్ళు రాలేదు. భవనానికి ట్యాంకరు ఒకటి తెప్పించారు గానీ ఇంటికి ఒక డ్రమ్ము చొప్పునే పంచారు. అది వంటకీ, తాగడానికీ, పిల్లల ఒళ్ళు తుడవడానికీ. మొదటిరోజు సాయంత్రానికే నలభై ఎనిమిది గుడ్డలూ బకెట్లలో పడ్డాయి. మూత వేసినా వాసన ఆగలేదు. సముద్రం నుంచి తడిగాలి, ఇంట్లో ఆ వాసన, ఇద్దరు పిల్లల చిరాకు. స్యాం సెలీనా పాత చీర ఒకటి చింపి కట్టాడు. అదీ అయిపోయింది. రెండోరోజు మధ్యాహ్నం ఇద్దర్నీ పిల్లల తోపుడుబండిలో వేసుకుని, ఆ ఎండలో సందు చివరి కొట్టుకి వెళ్ళి, డైపర్ల ప్యాకెట్ కొన్నాడు.

ఇంటికొచ్చి ఇద్దరికీ తొడిగాక గోడకి జేరబడి కూచున్నాడు. రెండు గంటలపాటు ఎవర్నీ మార్చనక్కర్లేకపోయింది. ఎంత సుఖంగా ఉందంటే అతనికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ బిడ్డ కోసం ఇష్టంగానే చేస్తున్నాననుకున్నాడు. ఇష్టమూ కాదు, అయిష్టమూ కాదు, ఆగడానికి వీల్లేక చేస్తున్నానని ఆ రెండు గంటల్లో తెలిసింది.

సెలీనా వచ్చి చెత్తబుట్టలో డైపర్లు చూసింది. స్యాం తనే ముందు చెప్పాడు, "నీళ్ళు లేవు సెలీనా. ఇంక నావల్ల కాలేదు."

ఆమె నర్సు యూనిఫాంతోనే చాప మీద కూలబడి, ఎజ్రాని ఒళ్ళోకి లాక్కుంది. "మంచిపని చేశారు. కాసేపు వెళ్ళి పడుకోండి. వీళ్ళని నేను చూస్తాను."

"నువ్వూ ఇప్పుడే గదా వచ్చావు."

"పడుకోండి అంటున్నానా."

నాలుగోరోజు నీళ్ళొచ్చాయి. ఎజ్రాకి కొంచెం ఎర్రబడింది గానీ పుండు పడలేదు. స్యాం మళ్ళీ బకెట్ మూత తీశాడు.

అక్కడి తెలుగువాళ్ళు శుక్రవారం పొద్దున ఆరాధనకి కలుస్తారు. అతనికి ఆ రోజు అన్నిటికన్నా బరువుగా ఉండేది. ప్రార్థన అయ్యాక మగవాళ్ళంతా టీ కప్పులతో ఒకపక్క నిలబడతారు. ఎవరి సైటు సంగతులు వాళ్ళవి, ఎవరి డ్యూటీ మాటలు వాళ్ళవి. కొత్తగా వచ్చినవాళ్ళు, "ఏ కంపెనీ బ్రదర్?" అని అడిగేవారు. "చూస్తున్నానండి" అనేవాడు స్యాం. ఆ మాట ఎన్ని శుక్రవారాలు అన్నాడో. ప్రెస్సులో పనిచేసే రోజుల్లో గోళ్ళ సందుల్లో సిరా ఉండేది, చేతులు చూస్తే మనిషి పనేమిటో ఎవరికైనా తెలిసేది. ఇప్పుడు వేళ్ళు తెల్లగా నాని, కొసల్లో తోలు లేచిపోయి ఉన్నాయి. టీ కప్పు పట్టుకుంటే ఎవరైనా చూస్తారేమోనని రెండో చేయి జేబులో పెట్టుకునేవాడు.

ఆ ఆరాధన చూసుకునే పెద్ద యేసుదాసు. ఊరి పక్క గ్యాస్ ప్లాంటులో స్టోర్‌కీపరు, తెనాలి మనిషి. నవంబరులో ఒక శుక్రవారం అతను స్యాంని పక్కకి పిలిచాడు. "తమ్ముడూ, మస్కట్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఆఫ్‌సెట్ ఆపరేటరు కావాలంట. మేనేజరు హైదరాబాదీ. నీ సంగతి చెప్పా. వెళ్ళి కలిసిరా."

సెలీనా ఆ మాట విని, ఇన్నాళ్ళలో ఎప్పుడూ లేనంత తేటగా నవ్వింది. తోటి నర్సుతో డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉంది. స్యాం పెళ్ళినాటి చొక్కా ఇస్త్రీ చేసుకుని, మూడు గంటల ప్రయాణానికి బస్సెక్కాడు.

ప్రెస్సు తలుపు తీయగానే సిరా వాసనా, కిరోసిన్ వాసనా కలిసి తగిలాయి. స్యాం ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగాడు. మేనేజరు అబ్దుల్ వహాబ్ అరవైకి దగ్గరపడిన మనిషి. ఎక్కువ మాట్లాడకుండా మిషను చూపించి, "నడుపు" అన్నాడు. స్యాం రెండు నిమిషాలు దాని చప్పుడు విన్నాడు. కాగితాన్ని పట్టుకునే క్లిప్పొకటి వదులైందని చెప్పి, స్పానరు అడిగి బిగించి, వంద కాపీలు తీశాడు. అక్షరం పదునుగా పడింది. వహాబ్ ఒక కాపీ వెలుతురుకి పెట్టి చూశాడు.

"పని వస్తది నీకు. ఏడాది మీద గ్యాప్ ఉంది గద, ఏం జేసినవ్?"

పొద్దుటి నుంచీ ఈ ప్రశ్నకి జవాబు తయారు చేసుకుంటూనే ఉన్నాడు. ఊళ్ళో వ్యాపారం చూసుకున్నానని చెబుదామనుకున్నాడు. నోరు తెరిచేసరికి, "ఇంట్లో ఉన్నానండి. కవల పిల్లలు. వాళ్ళ గుడ్డలు ఉతుకుతున్నాను" అన్నాడు.

వహాబ్ నవ్వలేదు. కాపీని బల్లమీద పెట్టి, "మంచిది. రూమ్ కంపెనీ ఇస్తది, ఆరుగురు ఉంటరు. శుక్రవారం ఒక్క రోజు సెలవు. సోమవారం లోపల చెప్పు" అన్నాడు.

తిరుగు బస్సులో స్యాం కిటికీ పక్క కూచున్నాడు. మొదటి గంట సంతోషంగానే ఉంది. ఆ తర్వాత రోజు రోజంతా కళ్ళముందుకి వచ్చింది. సెలీనాకి వారంలో మూడు పన్నెండు గంటల పగటి డ్యూటీలు, రెండు రాత్రులు. పక్కవీధిలో పిల్లల్ని చూసుకునే ఆవిడ ఉంది గానీ, డైపరు వేస్తేనే తీసుకుంటానని ముందే చెప్పింది. ఆవిడ దగ్గరున్న ఆరుగురు పిల్లల మధ్య ఎవరు గుడ్డలు మారుస్తారు, ఎవరు జాడిస్తారు. ఎజ్రా పుండు, పిల్లాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఆ ఏప్రిలు. బస్సు టీ కోసం ఆగినచోట దిగి, వహాబ్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పాడు.

"నీ ఇష్టం బేటా," అన్నాడు వహాబ్. "కానీ జాగా నీ కోసం ఆపలేను."

"తెలుసండి."

ఇంటికొచ్చి సెలీనాతో, "వేరేవాణ్ణి తీసుకున్నారంట" అని చెప్పాడు. ఆమె ముఖంలో నవ్వు ఆరిపోవడం చూశాడు. "పోనీలెండి, ఇంకోటి వస్తుంది" అంది. స్యాం చొక్కా విప్పి తగిలించి, బకెట్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఇంట్లో ఉన్న రోజు గుడ్డలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పిల్లలతోనే సరిపోయిందట.

మూడు వారాల తర్వాత ఆరాధనలో యేసుదాసు సెలీనాతో, "మంచి అవకాశం చేతులారా వదులుకున్నాడమ్మా మీవాడు. రమ్మని పిలిస్తే రానన్నాడంట" అన్నాడు. ఆ రాత్రి పిల్లలు నిద్రపోయాక స్యాం మేడమీద ఆరేస్తుంటే పైకి వచ్చింది.

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

స్యాం చేతిలో గుడ్డ దులిపి తీగ మీద వేశాడు. "చెబితే నువ్వు ఉద్యోగం మానేస్తానంటావు. లేకపోతే నన్ను వెళ్ళమంటావు. రెండూ కుదరవు."

"అది మీరొక్కరే అనేసుకుంటే ఎలా? నేను లేనా?"

స్యాం బకెట్లోంచి ఇంకో గుడ్డ తీశాడు.

"నేను ఇంటికొచ్చేది పడుకోవడానికే అయిపోయింది," అంది సెలీనా. "మీరేమో అన్నీ మీలోనే పెట్టుకుంటారు. నాకు కోపం వచ్చిందని కాదు. నాకు కోప్పడే ఓపిక కూడా లేదు. కానీ మీరు అబద్ధం చెబితే నేనెక్కడికి పోను?"

సముద్రం మీద నుంచి చలిగాలి వస్తోంది. స్యాం, "ఇంకెప్పుడూ అలా చెయ్యనులే" అన్నాడు. ఆమె బకెట్లో మిగిలిన గుడ్డలు తీసి ఆరేయడం మొదలుపెట్టింది. అన్నీ అయ్యాక, "శుక్రవారం ఉతుకుడు నాది" అంది.

"నీకు వారంలో ఒక్కరోజే గదా పూర్తి సెలవు."

"మీకు అదీ లేదు గదా."

ఆ తర్వాతి శుక్రవారం ఆరాధన నుంచి రాగానే సెలీనా నైటీ అంచు దోపుకుని బాత్రూంలో కూచుంది. నాలుగు నీళ్ళు జాడించడం అంటే ఏమిటో అప్పుడే ఆమెకి తెలిసింది. మూడో బకెట్ దగ్గర నడుం పట్టుకుని లేచి, గోడకి ఆనుకుని నిలబడి, "రోజూ ఇంతేనా?" అని అడిగింది.

"చలికాలం గదా. ఇప్పుడు నయం."

ఆమె మళ్ళీ కూచుంది. అలా ఆ శుక్రవారాలు ఆమెవి అయ్యాయి. కొన్ని వారాలు డ్యూటీ పడి తప్పిపోయేవి. తప్పిపోయినప్పుడు మాత్రం మర్నాడు ఆ సంగతి తనే గుర్తుచేసుకునేది. స్యాంకి ఆ పూట చేయడానికేమీ ఉండేది కాదు. పిల్లల్ని తోపుడుబండిలో వేసుకుని పడవలు ఆగే ఒడ్డుదాకా వెళ్ళి, అక్కడ సిమెంటు గట్టు మీద కూచుని, ఏమీ ఆలోచించకుండా వచ్చేవాడు.

మళ్ళీ ఎండలొచ్చాయి. కెజియాకి ఏడాదిన్నర దాటింది. ఒకరోజు ఆడుకుంటున్నది ఆగి, గోచి పట్టుకుని లాగుతూ, "సుస్సు" అంది. అప్పటికే పోసేసింది గానీ చెప్పడం అదే మొదలు. తడి తగలగానే తెలుస్తుంది గనక గుడ్డ కట్టిన పిల్లలు తొందరగా చెబుతారని కుల్సుమ్ అంది. పది రోజులకి పోయక ముందే చెప్పడం మొదలుపెట్టింది. దాన్ని చూసి ఎజ్రా చెప్పేవాడు గానీ, వాడికి ముందూ వెనకా తేడా తెలియడానికి ఇంకో నెల పట్టింది. గుడ్డల్లో కొన్ని అప్పటికే పలచబడి చిరిగాయి. కొన్ని తుడిచే గుడ్డలయ్యాయి. మంచివి డజను దాకా పైవాటాలోని కొత్త బాలింతకి ఇచ్చేశాడు.

జూన్‌లో ఒక పొద్దున బకెట్ మూత తీస్తే అందులో నాలుగే గుడ్డలున్నాయి. స్యాం అవి ఉతికి, ఆరేసి, కిందికి వచ్చాడు. తొమ్మిదిన్నర కూడా కాలేదు. పిల్లలు నేలమీద గిన్నెలు పరుచుకుని ఆడుకుంటున్నారు. వంటయింది. చేయాల్సిందేమీ కనపడక చాప మీద కూచున్నాడు. కూచోగానే కాళ్ళు లాగాయి. తర్వాత నడుం, భుజాలు, మణికట్లు. ఏడాదిపైగా ఎక్కడెక్కడో దాగి ఉన్న నొప్పులన్నీ చోటు దొరికినట్టు ఒక్కసారే వచ్చి పడ్డాయి. మధ్యాహ్నానికి ఒళ్ళు వెచ్చబడింది. కుల్సుమ్‌ని పిలిచి పిల్లల్ని అప్పగించి, సెలీనాకి ఫోన్ చేశాడు. ఆమె మిగతా డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది, రెండురోజులు సెలవు పెట్టింది.

నాడి చూసి, జ్వరం చూసి, "ఇన్‌ఫెక్షనేం లేదు. అలసిపోయారంతే" అంది.

"అలసిపోతే జ్వరం వస్తుందా?"

"వస్తుంది. పడుకోండి."

ఆ రెండురోజులూ స్యాం నిద్రపోయాడు. మధ్య మధ్య మెలకువ వస్తే వంటింట్లో సెలీనా కుల్సుమ్‌తో ఏదో చెబుతున్న మాటలు వినపడేవి. ఎవరో ఏడిస్తే లేవబోయేవాడు. "మీరు లేవకండి" అని సెలీనా గొంతు వినపడగానే మళ్ళీ పడుకునేవాడు. ఏ పనీ తనకోసం ఆగలేదని మొదట బాధగా అనిపించింది. కాసేపటికి అదే హాయిగా అనిపించింది.

మూడోరోజు జ్వరం దిగింది. సెలీనా డ్యూటీకి తయారవుతూ, జుట్టు ముడేసుకుంటూ, "ఇంక నెమ్మదిగా ఉద్యోగం చూసుకోండి. ఈ ఊళ్ళోనే. దొరికినప్పుడే దొరుకుతుంది. తొందరేం లేదు" అంది. స్యాం సరేనన్నాడు. ఇప్పటికింకా ఏదీ దొరకలేదు. అడిగినచోటల్లా నంబరు ఇచ్చి వస్తున్నాడు.

ఆమె వెళ్ళాక ఎజ్రా మంచమెక్కి, తండ్రి పొట్టమీద బోర్లా పడుకుని నిద్రపోయాడు. ఏసీ గురగురమంటోంది. కాసేపటికి స్యాం చొక్కా మీద వెచ్చగా తడి తగిలింది. లేచి మార్చాలి. చేతులు పిల్లాడి వీపు మీద వేసి, కళ్ళు మూసుకుని, ఇంకొంచెంసేపు అలాగే ఉండిపోయాడు.